తొంభై

పరిచినప్పుడు తొంభై.
అటు తొంభై, ఇటు తొంభై,
నాలుగు మూలలూ బుద్ధిగా కూర్చున్న నలుగురు పిల్లల్లా.
గింజ పడ్డాక చూడు,
ఒక్క మూలా ఉండదు.

ఈ మాట ఉర్కుయాది.
ముప్పై ఏళ్ళు తాలాస్ బజారు వెనక కోట్లు కుట్టింది.
బల్ల మీద గుడ్డ కొలత వేరు,
తొడుక్కున్న మనిషి గాలి పీల్చాక వేరు.
ఊళ్ళో సగం నడుములు ఆమెకి కంఠతా వచ్చు,
ఎవరు ఏ చలికాలంలో లావెక్కారో సహా.

కళ్ళు మందగించాక
చిక్కుడు గింజల గోదాములో చేరింది, సంచుల లెక్క చూడ్డానికి.
మనిషెత్తు తెల్ల సంచులు,
పైన నాలుగు చెవులు, పట్టి లేపడానికి.
టన్నుకి ఒకటి.
"టన్ను అంటే బరువే గాని సైజు కాదు" అంటుంది కొత్త కుర్రాళ్ళకి,
"టన్ను ఉన్ని గదంత, టన్ను ఇనుప రజను పీటంత.
ముందు గింజనడుగు,
ఆ తర్వాత బండినడుగు,
సంచినడగడం ఆఖర్న."

తొంభై సంచి టన్ను గింజ మింగితే
అడ్డంగా నూట పద్నాలుగు.
ఈ అంకె చీటీ మీద ఉండదు.
చీటీ మీద ఉండేది ఆకలితో ఉన్న సంచి.

యజమాని తురుస్‌బెక్
ఈ ఏడు నూరు కొలతవి తెచ్చాడు, చౌకగా.
"పదే కదా ఎక్కువ.
ఇరుకైతే ఏడవాలి గాని వదులైతే ఏం?"
ఉర్కుయా నోట్లో గుండుసూది పెట్టుకున్నట్టు
పెదాలు బిగించి ఊరుకుంది.
అలవాటు.

అక్టోబరు ఆఖరు. కొండల మీద మంచు సగం దిగింది.
ఇరవై రెండు సంచులూ నింపారు.
టన్ను దాటనివ్వదు కాటా, కాబట్టి
ప్రతి సంచీ పైన ఖాళీగా, మెడ వాల్చేసి,
పెళ్ళిలో అరువు కోటు వేసుకున్న బావమరిదిలా.

మెర్సిన్ నుంచి హిక్మెత్ లారీ వచ్చింది.
ఫోర్క్‌లిఫ్టు మొదటిది పెట్టింది.
రెండోది దాని పక్కన పెట్టబోయింది.
పట్టలేదు.
తిప్పి పెట్టింది. తోసింది. వెనక్కి తీసి మళ్ళీ తోసింది.
బండి లోపల రెండు మీటర్ల నలభై అయిదు,
రెండు సంచులు రెండు మీటర్ల యాభై నాలుగు.
ఆ తొమ్మిది సెంటీమీటర్ల దగ్గర
అందరూ నిలబడిపోయారు.

ఒక్కో వరసకి ఒక్కటే అయితే పది సంచులు.
పన్నెండు టన్నులు వాకిట్లో.
హిక్మెత్ ఏమీ అనలేదు,
స్టవ్వు వెలిగించి టీ పెట్టుకున్నాడు.

ఉర్కుయా లోపలికి వెళ్ళి
నిరుటి పాత కట్ట దుమ్ము దులిపి తెచ్చింది.
సరిగ్గా ఇరవై రెండు, తొంభైవి.
పారేయమన్నప్పుడు పారేయలేదు,
మిగిలిన గుడ్డ ముక్క పారేసే దర్జీ ఎక్కడైనా ఉంటుందా!

రాత్రంతా అడుగు మూతి విప్పి
పెద్దదాని కింద చిన్నది పట్టి
ఒంపారు.
గింజల చప్పుడు రేకు కప్పు మీద వానలా మొదలై
చివరికి ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు వినబడింది.
తురుస్‌బెక్ కూడా పార పట్టాడు, కోటు విప్పకుండానే.
ఎవరూ అతనికేసి చూడలేదు. అదే ఎక్కువ బాధ.

తెల్లారేసరికి
వరసకి రెండు, పదకొండు వరసలు.
చివర మీటరు జాగా మిగిలితే
హిక్మెత్ తన కుర్చీ పెట్టుకున్నాడు.

పెద్ద సంచులు వృథా పోలేదులే.
వసంతంలో గొర్రెల ఉన్ని కత్తిరించినప్పుడు
వాటిలో కుక్కారు. మెడ దాకా నిండాయి,
నిటారుగా నిలబడ్డాయి.
"చూశావా, దీనికోసం పుట్టింది ఇది" అంది ఉర్కుయా
ఒకదాని పొట్ట మీద తట్టి.

చెప్పులో ఇంకా ఒక చిక్కుడు గింజ దొర్లుతూనే ఉంది.
ఆ పది సెంటీమీటర్లు ఎవరి ఖాతాలో రాయాలో
ఇంతవరకూ తేలలేదు.